ఈ ఫైలు ఎవరింటిది? (కంప్యూటర్ పాఠం)

పిల్లలూ!

మన ఊళ్ళో గుమ్మం ముందుకు కొత్త మనిషి వస్తే అమ్మమ్మ ఏం చేస్తుంది? తలుపు వేసి తరిమెయ్యదు. అలాగని నేరుగా వంటింట్లోకీ రానివ్వదు. అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, వరసగా అడుగుతుంది. "నీ పేరేమిటి నాయనా? ఏ ఊరు? ఎప్పుడొచ్చావు? ఎవరు పంపించారు? ఏం పని మీద వచ్చావు?"

కంప్యూటర్లో ఎన్నడూ చూడని ఫైలు కనబడితే మనం అడగవలసినవి కూడా ఈ అయిదు ప్రశ్నలే. మన ఇళ్ళల్లో ఒకే కంప్యూటర్ మీద అందరి పనీ జరుగుతుంది. మీ హోంవర్కు, నాన్నగారి ఇకామా కాపీ, అందరి పాస్‌పోర్టులు, ఊళ్ళో తాతయ్య ఫోటోలు అన్నీ అందులోనే ఉంటాయి. అందుకే ఈ పాఠం పిల్లలకే కాదు, పెద్దలకు కూడా.

రెండు పాత కథలు

మొదటి కథ: 2000 మే 4న ఫిలిప్పీన్స్‌లో మొదలై ప్రపంచమంతా పాకిన వైరస్ "ఐ లవ్ యూ". ఈమెయిల్‌తో ప్రేమలేఖ అనే ఫైలు వచ్చేది. పేరు చివర "టి.ఎక్స్.టి." అని కనబడేది కనుక మామూలు ఉత్తరమే అనుకుని జనం తెరిచారు. నిజానికి దాని వెనుక "వి.బి.ఎస్." అనే అసలు తోక ఉంది. అంటే అది ఉత్తరం కాదు, పని చేసే ప్రోగ్రాము. విండోస్ ఆ చివరి తోకను దాచిపెట్టడం వల్ల చాలామందికి కనబడలేదు. తెరిచినవారి ఫోటోలను చెరిపి, వారి అడ్రస్ పుస్తకంలోని వారందరికీ తనంతట తానే వెళ్ళింది.

రెండవ కథ దీనికి తలకిందులు. 2002లో ఒక ఈమెయిల్ చేతులు మారుతూ తిరిగింది. "మీ కంప్యూటర్లో టెడ్డీ బేర్ బొమ్మ ఉన్న ఫైలు ఉందేమో వెతకండి. అది వైరస్. వెంటనే తీసెయ్యండి, మీ స్నేహితులందరికీ చెప్పండి" అని. వెతికితే నిజంగానే ఉంది! చాలామంది భయపడి తీసేశారు. తీరా చూస్తే అది విండోస్‌తో పాటు వచ్చిన జావా పనిముట్టు, ఏ పాపం ఎరుగనిది. ఇక్కడ వైరస్ లేదు, పుకారే ఉంది.

చూశారా! తెలియకుండా తెరవడం ఒక తప్పు. తెలియకుండా తీసెయ్యడం ఇంకో తప్పు. పాత విండోస్ ఎక్స్.పి.లో "గౌతమి" అని ఒక ఫైలు ఉండేది. గౌతమి అంటే మన గోదావరి పేరే. అది తెలుగు అక్షరాల ఫాంటు. ఇదేదో తెలియని ఫైలని తీసేస్తే, దాని మీద ఆధారపడ్డ తెలుగు పేజీలో అక్షరాల బదులు గళ్ళు కనబడేవి.

అయిదు ప్రశ్నలు

1. పేరేమిటి? ముందుగా దాగిన తోకను బయటికి తీయండి. విండోస్ 11లో ఫోల్డర్ తెరిచి, వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ నొక్కాలి. ఇక దాదాపు అన్ని ఫైళ్ళకూ పూర్తి పేరు కనబడుతుంది.

2. ఏ ఊరు? ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. లొకేషన్ అన్నచోట అది ఉన్న ఫోల్డర్ ఉంటుంది. డౌన్‌లోడ్స్‌లో ఉంటే ఇంటర్నెట్ నుంచి వచ్చి ఉండవచ్చు. ఒక ప్రోగ్రాము ఫోల్డర్లో ఉంటే బహుశా ఆ ప్రోగ్రాము తెచ్చుకున్నదే.

3. ఎప్పుడొచ్చావు? అక్కడే తేదీలుంటాయి. "క్రియేటెడ్" అంటే సాధారణంగా ఈ కంప్యూటర్లోకి వచ్చిన రోజు. "మోడిఫైడ్" అంటే లోపలి విషయం చివరిసారి మారిన రోజు. ఆ రోజు ఆ సమయానికి ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారో గుర్తు చేసుకోండి.

4. ఎవరు పంపారు? "ఈ ఫైలు వేరే కంప్యూటర్ నుంచి వచ్చింది" అని ప్రాపర్టీస్ అడుగున ఇంగ్లీషులో రాసి ఉంటే అది బయటిదని గుర్తు. బ్రౌజర్లో కంట్రోల్, జె నొక్కితే డౌన్‌లోడ్ల జాబితా వస్తుంది. మ్యాక్ కంప్యూటర్లో గెట్ ఇన్ఫో తెరిస్తే, చాలాసార్లు ఏ సైటు నుంచి వచ్చిందో కూడా రాసి ఉంటుంది. ప్రోగ్రాము అయితే డిజిటల్ సిగ్నేచర్స్ అనే చోట తయారుచేసిన సంస్థ సంతకం ఉందేమో చూడండి.

5. ఏం పని? ఫైలును తెరవకుండానే దాని పూర్తి పేరును ఇంటర్నెట్లో వెతకండి. యాంటీ వైరస్‌తో పరీక్షించండి. వైరస్‌టోటల్ అనే సైటులో చాలా యాంటీ వైరస్‌లు ఒకేసారి చూస్తాయి. కానీ జాగ్రత్త! అక్కడ పెట్టిన ఫైలు ఇతరుల చేతికీ వెళ్ళవచ్చు. ఇకామా, పాస్‌పోర్టు వంటివి అక్కడ ఎన్నడూ పెట్టకూడదు.

మన పక్కనే జరిగింది

ఒక్క జవాబు విని నమ్మకూడదు. 2012 ఆగస్టు 15న, రంజాన్ నెలలో, దహ్రాన్‌లోని సౌదీ అరాంకో మీద "షమూన్" అనే వైరస్ దాడి చేసింది. దాదాపు 30,000 కంప్యూటర్లలో ఫైళ్ళు చెరిగిపోయాయి. చమురు పని వేరే నెట్‌వర్క్ మీద ఉండడం వల్ల ఉత్పత్తి ఆగలేదు. నెట్‌వర్క్ సేవలను తిరిగి నిలబెట్టామని ఆగస్టు 26న కంపెనీ ప్రకటించింది.

ఆ వైరస్ ఎలా దాక్కుందో తెలుసా? విండోస్ సొంత సేవ పేరునే పెట్టుకుంది. విండోస్ సొంత ఫోల్డర్లోనే కూర్చుంది. డిస్కును చెరపడానికి ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ వేరే పని కోసం తయారుచేసిన, సరైన సంతకం ఉన్న డ్రైవర్‌ను వాడుకుంది. పేరు బాగుంది, ఊరు బాగుంది, సంతకమూ ఉంది. పని మాత్రం చెడ్డది! అందుకే అయిదు జవాబులూ ఒకదానితో ఒకటి పొసగాలి. ఒక్కటి పొసగకపోయినా తెరవకండి, తీసెయ్యకండి. ఇంటర్నెట్ ఆపి అమ్మకో నాన్నకో చెప్పండి. ఆఫీసు కంప్యూటర్ అయితే పెద్దలు తమ ఐ.టి. విభాగానికి చెప్పాలి.

అభ్యాసం

1. వర్డ్‌లో తెలుగు వ్యాసం రాస్తుండగా, పక్కనే అలాంటి పేరుతో ముందు డాలరు గుర్తు ఉన్న చిన్న ఫైలు కనబడింది. అది ఎవరిది?
2. "పెళ్ళి ఫోటో.జెపిజి.ఇ.ఎక్స్.ఇ." అనే ఫైలు వచ్చింది. తెరవవచ్చా?
3. క్రియేటెడ్ పోయిన శుక్రవారం సాయంత్రం. మోడిఫైడ్ 2016. ఎలా వచ్చి ఉంటుంది?

జవాబులు: (1) వర్డ్‌దే. ఫైలు తెరిచి ఉందని గుర్తుగా పెట్టుకుంటుంది, వర్డ్ మూసేస్తే మామూలుగా అదే పోతుంది. (2) వద్దు. చివరి తోక ప్రోగ్రాముది, ఫోటోది కాదు. (3) పాత ఫైలును వేరేచోటి నుంచి కాపీ చేసి ఉంటారు. ఆ సాయంత్రం పెన్ డ్రైవ్ ఎవరు పెట్టారో అడగండి.

ఇంటిపని: ఈ శుక్రవారం అమ్మానాన్నలతో కూర్చుని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవండి. అందులో మీకు తెలియని మూడు ఫైళ్ళను ఎంచుకుని, ఒక్కొక్కదానికి అయిదు జవాబులూ తెలుగులో రాయండి. అలాగే తాతయ్య, అమ్మమ్మల ఫోటోలు, ముఖ్యమైన కాగితాలు వేరే డిస్కులోకి ఒక కాపీ తీసి, ఆ డిస్కును కంప్యూటర్ నుంచి విడదీసి బీరువాలో దాచండి. ఏ వైరస్ వచ్చినా బీరువాలో ఉన్నదాన్ని ముట్టుకోలేదు కదా!