హెడ్డు దింపే ముందు

నందికొట్కూరు



నిన్న మాపటేల నువ్వు ఫోన్ చేసినప్పుడు షెడ్డులో గ్రైండర్ మోత. సగమే వినపడింది. ఆ సగంలో ఉన్న ఒక్క మాట రాత్రంతా నిద్ర పట్టనీయలేదు. "హెడ్ గాస్కెట్ పోయిందంట మామా, ఎల్లుండి హెడ్డు దింపుతామంటున్నారు" అన్నావు. ఫోన్లో చెబితే మరిచిపోతావని రాస్తున్నా. రెండు రోజుల కిరాయి పోతే పోనీ, కింద రాసిన పరీక్షలు అయ్యేదాకా ఇంజిన్ మీద పానా పెట్టనీయొద్దు.

గాస్కెట్ పోయిందన్నది ఏం చూసి? నువ్వు చెప్పినవి మూడు సంగతులు. శివరాత్రి రద్దీలో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటెక్కుతూ ఫస్ట్ గేరులో పాకుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. అప్పటినుంచి రోజూ లీటరు నీళ్లు పోయాల్సి వస్తోంది. ఆయిల్ పోసే మూత కింద తెల్లగా మీగడ కట్టింది. మూడూ అనుమానించాల్సినవే. కానీ పొద్దున చల్లటి వేళ ఊళ్లో రెండు కిలోమీటర్లు తిప్పి ఆపే బండికి, లోపలి ఆవిరి చల్లబడి మూత కింద మీగడ కడుతుంది. నీళ్లు తగ్గడానికి రేడియేటర్ మూత రబ్బరు ఎండిపోయినా చాలు, వాటర్ పంపు కారినా చాలు. కొత్త డీజిల్ బండ్లలో ఈజీఆర్ కూలర్ పగిలితే నీళ్లు బయట చుక్క కనపడకుండా సైలెన్సర్ గుండా తెల్లపొగై పోతాయి. ఆ పొగ చూసి హెడ్డు దింపినవాళ్లు నాకు తెలుసు.

కాబట్టి ముందు ఇవి చెయ్యి. రాత్రంతా నిలబెట్టిన బండి కింద ఆయిల్ డ్రెయిన్ నట్టు పూర్తిగా తీయకుండా రొంత వదులు చెయ్యి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు, అడుక్కు దిగి ఉంటాయి. ముందు నీళ్ల బొట్లు పడితే మూత కింద మీగడకన్నా అది పెద్ద సాక్ష్యం. నీళ్లు పడితే ఇంజిన్ తిప్పకు, బేరింగులు పోతాయి. మిగతా పరీక్షల ముందు ఆయిల్ మార్చు.

నీళ్లు పడకపోతే, లేదా పడి ఆయిల్ మార్చాక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, నీళ్లు నిండుగా పోసి స్టార్ట్ చేసి చూడు. మొదట రొంతసేపు బుడగలు రావడం మామూలే, లోపల చిక్కిన గాలి అది. అన్నం ఉడుకుతున్నట్టు ఆగకుండా వస్తూ, రేస్ చేస్తే ఇంకా ఎక్కువైతే అది సిలిండర్ నుంచి దూరిన గ్యాసు. మూత పెట్టి స్టార్ట్ చేసినప్పుడు నిమిషంలోనే పైహోసు చేతికి చల్లగా ఉండీ రాయిలా గట్టిపడినా అదే అర్థం.

ఆ తర్వాత ప్రెజర్ టెస్ట్. మూత మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది, చేతిపంపుతో అంతవరకే ఎక్కించి పావుగంట చూడమను. ముల్లు దిగుతూ బయట ఎక్కడా తడి లేకపోతే, గ్లో ప్లగ్గులు తీసి ఇంజిన్ తిప్పమను. ఏ రంధ్రంలోంచి నీళ్లు చిమ్మితే ఆ సిలిండర్‌లోకి దారి ఉన్నట్టు. కంప్రెషన్ కొలిస్తే పక్కపక్కనున్న రెండూ ఒకేలా పడిపోయి ఉంటే, ఆ రెంటి మధ్య గాస్కెట్ తెగి ఉండటానికే ఎక్కువ అవకాశం. రేడియేటర్‌లోకి గ్యాసు దూరితే నీలం మందు పసుపయ్యే పరీక్ష ఒకటుంది, అది పెట్రోలు బండికి బాగా పనికొస్తుంది. డీజిల్ పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి రొంతసేపు రేస్ చేసి చూడాల, లేకుంటే మందు మోసం చేస్తుంది.

ఒకటి మాత్రం ఒట్టేసి చెప్పాల నువ్వు. వేడి మీద మూత తీయనని. ఒత్తిడిలో ఉన్న నీళ్లు 100 డిగ్రీలకు మరగవు, దాదాపు 118 దాకా ఓర్చుకుంటాయి. మూత తిప్పిన క్షణాన ఒత్తిడి పోయి అన్నీ ఒకేసారి ఆవిరై ముఖం మీదికి ఎగురుతాయి. అట్లా కాలిన చేతులు నా షెడ్డులోనే చూశా. ఘాటులో ముల్లు లేస్తే హీటర్ పూర్తిగా తిప్పి, పక్కకు తీసి ఆపు. జనం ఎంత తొందరపెట్టినా అరగంటన్నా ఆగు. కాలిన ఇంజిన్ మీద చల్లనీళ్లు కుమ్మరించొద్దు, పగులుతుంది.

నాకు నీ వయసున్నప్పటి మాట. ఆత్మకూరు వైపు ఒక రైతు జీపు తెచ్చాడు. పరీక్షలన్నీ చేసి గాస్కెట్టే అని తేల్చా, తప్పు లేదు. హెడ్డు దింపి, ఫేసింగ్ కొట్టించి, కొత్త గాస్కెట్ వేసి ఇచ్చా. రెండు పొట్టేళ్లు అమ్మి డబ్బు కట్టాడాయన. మూడు వారాలకు మళ్లీ అదే తావులో గాస్కెట్ తెగింది. అప్పుడు రేడియేటర్ విప్పితే గొట్టాల్లో సగం సున్నం కట్టి మూసుకుపోయి ఉన్నాయి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోశారు. గాస్కెట్ తెగిందని చూశా గానీ, దాన్ని తెంపిందెవరని చూడలేదు. రెండోసారి డబ్బు తీసుకోలేదు. అయినా ఆయన మళ్లీ నా షెడ్డు గడప తొక్కలేదు. ఆ పొట్టేళ్ల సంగతి ఇప్పటికీ మనసులో ఉంది, అల్లుడూ.

మన సీమలో బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లపొర కడుతుంది కదా, ఇంజిన్ లోపలా అంతే. కె.సి. కాలువ నీళ్లు తేట అనుకోకు, ఒండ్రు అడుగున చేరుతుంది. రేడియేటర్ బయటి రెక్కల్లో మొక్కజొన్న పొట్టు చిక్కిందేమో చూడు. పాకే బండికి ఫ్యానే ఊపిరి, కాబట్టి ఫ్యాన్ సరిగా లాగుతోందో లేదో కూడా చూడాల. థర్మోస్టాట్ తీసి పారేస్తే చల్లబడుతుందని చాలామంది చెబుతారు. వినొద్దు. కొన్ని ఇంజిన్లలో అది లేకపోతే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి ఇంకా కాగుతాయి.

పరీక్షల్లో గాస్కెట్టే అని తేలితే హెడ్డు దింపనీ, కానీ దగ్గరుండు. ఇంజిన్ చల్లారాకే బోల్టులు విప్పాల, చివర్ల నుంచి మధ్యకు, రెండు మూడు దఫాలుగా. హెడ్డు మీద ఇనుప స్కేలు పొడుగునా, అడ్డంగా, మూలకు మూలగా పెట్టి ఫీలర్ గేజి దూర్చి చూడమను. చాలా ఇంజిన్లకు 0.05 మిల్లీమీటర్ల ఆకు దూరకూడదు. నీ బండి లెక్క కంపెనీ పుస్తకంలో ఉంటుంది. హెడ్డు అల్యూమినియం, బ్లాకు పోతయినుము అయితే వేడికి హెడ్డు రెండింతలు సాగుతుంది. ఆ ఈడ్పులో మధ్యన నలిగేది గాస్కెట్టే. లేత్ షాపులో ముందు పగుళ్ల పరీక్ష చేయించి, ఆ తర్వాతే ఫేసింగ్. కొన్ని డీజిల్ హెడ్లకు ఫేసింగ్ పనికిరాదు. గాస్కెట్లు కూడా మందాన్ని బట్టి రకరకాలుంటాయి, అంచున గాట్లో రంధ్రాలో చూసి పోల్చుకోవాల. బ్లాకు పైభాగం శుభ్రం చేసేటప్పుడు గ్రైండర్ పెట్టనీయొద్దు, ఆ పొడి ఆయిల్లో కలిసి బేరింగులను తినేస్తుంది. బోల్టు రంధ్రాల్లో ఆయిల్ నిలిచి ఉంటే బిగించేటప్పుడు బ్లాకే చీలుతుంది, గాలి కొట్టి ఆరబెట్టాల. డిగ్రీల లెక్కన బిగించే బోల్టులు ఒకసారి సాగినవి, కొత్తవే కొను. బిగింపు మధ్య నుంచి చివర్లకు, టార్క్ రెంచితోనే. చేతి అంచనా మీద బిగించే మేస్త్రి ఎంత పేరున్నవాడైనా వద్దు.

ఇంజిన్ ఆయిలు, ఫిల్టరు మార్చు. కూలెంటూ, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోసి, గాలంతా పోయేదాకా ఇంజిన్ నడిపించు. కొన్ని వందల కిలోమీటర్లకు ఆయిల్ మళ్లీ మార్చు.

తీసిన పాత గాస్కెట్ పారేయకుండా ఆదివారం తీసుకురా. యాడ తెగిందో నేను చూడాల. మీ అమ్మను అడిగానని చెప్పు.

మామ