గాలం కొనేముందు: కొత్తవారికి కొన్ని మాటలు

గౌతమి ఒడ్డున ఉన్న రావులపాలెం వాసులకు చేపను గూర్చి ఒకరు చెప్పవలసిన పని లేదు. ఏ చేప పులుసుకు పనికివస్తుందో, ఏది వేపుడుకు బాగుంటుందో ఇంటింటా తెలుసు. ఐతే చేపను గాలంతో పట్టే విద్యను గూర్చి మన కాలేజీ కుర్రవాళ్ళకు తెలిసింది తక్కువే. నలుగురు కలిసి చందాలు వేసుకోవడం, మెరిసే రీలూ పొడవాటి ఫైబరు రాడ్డూ కొనడం, రెండు ఆదివారాలు ఏటిగట్టున కూర్చున్నా ఒక్క పరిగె కూడా పడక ఆ సామానంతా అటక ఎక్కించడం – ఇదీ తరచు జరిగే తంతు. ఇందులో చేపల తప్పేమీ లేదు. కొనే వరుసలోనే తప్పు ఉన్నది.

ఈ వ్యాసంలో చెప్పదలచినది ముఖ్యంగా ఒక్కటే. సామాను ఎంపిక చేప నోటి దగ్గర మొదలై మన చేతి దగ్గర ముగియాలి. ముందు చేప, తరువాత ఎర, ఆ పైన గాలం, దారం, బెండు, సీసం. అన్నిటికన్నా చివర కర్ర. మనవాళ్ళు దీన్ని తలక్రిందులు చేసి కర్రతో మొదలుపెడతారు.

1. ఏ చేప కోసం?

ఇంగ్లండులో నదీ చేపలను రెండు తరగతులుగా విడదీశారు. సాల్మన్, ట్రౌట్ వంటివి దొరల వేటకు తగినవట. మిగిలినవన్నీ ‘కోర్స్’, అనగా మోటు చేపలట. ఆ లెక్కన మన గోదావరిలో గాలానికి పడేవన్నీ మోటు చేపలే! పేరు ఏదైనా వాటిని పట్టడంలో నేర్పుకు కొదవ లేదు. మన చేపల పేర్లకు శాస్త్రంలో గౌరవం కూడా దక్కింది. వాలుగ శాస్త్రీయనామం ‘వల్లాగో అట్టు’; అందులోని మొదటి మాట మన ‘వాలుగ’ నుంచి వచ్చినదే.

కొత్తవారు పులస మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అది సముద్రం నుంచి వరదకు ఎదురీదుతూ వచ్చే చేప. నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టి తినే జాతి కనుక గాలం జోలికి రాదు. దాన్ని పట్టేది వలతోనే. మీకు అందేవి పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు. కొంత చెయ్యి తిరిగాక శీలావతి, ఎర్రమోసు, బొచ్చె.

చేప నోటిని చూస్తే అది ఎక్కడ మేస్తుందో తెలిసిపోతుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది; అది నీటి పైపొరలో మేస్తుంది. శీలావతి నడిమి పొరలో తిరుగుతుంది. ఎర్రమోసు నోరు క్రిందికి ఉంటుంది; అడుగున బురదలో వెదుక్కుంటుంది. మన రైతులు ఈ మూడింటినీ ఒకే చెరువులో పెంచడానికి కారణం ఇదే. ఒకదాని మేతకు ఇంకొకటి పెద్దగా అడ్డు రాదు. గాలం వేసేవాడు కూడా ఈ సంగతి గుర్తుంచుకొని ఎరను ఏ లోతులో నిలపాలో నిర్ణయించుకోవాలి.

2. ఎర

జెల్లకు, మట్టగిడసకు ఎర్ర (వానపాము) కన్నా మంచి ఎర లేదు. అరటితోటలో తడినేల తవ్వితే కావలసినన్ని దొరుకుతాయి. కాస్త తడిమట్టితో పాటు చిల్లుల డబ్బాలో నీడన ఉంచితే చాలు. శీలావతికి, ఎర్రమోసుకు గోధుమపిండి, తవుడు కలిపిన ముద్ద పనికివస్తుంది. ముద్ద మరీ మెత్తనైతే నీళ్ళలో కరిగిపోతుంది. మరీ గట్టిదైతే గాలపు మొన బయటకు రాదు. చపాతీ పిండికన్నా ఒక పిసరు గట్టిగా ఉంటే సరి. పరిగెకు బఠాణీ గింజలో సగం ముద్ద చాలు.

3. గాలం

గాలాలకు అంకెలు ఉంటాయి. ఇక్కడే కొత్తవారు పొరబడతారు. అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 16వ నంబరు చిన్నది, 6వ నంబరు దానికన్నా పెద్దది. 1 దాటిన పెద్ద గాలాలను 1/0, 2/0 అని లెక్కిస్తారు. అక్కడ మాత్రం అంకెతో పాటు సైజు పెరుగుతుంది. పరిగెకు 14 లేక 16, జెల్లకూ మట్టగిడసకూ 8 లేక 10, శీలావతికి 4 లేక 6 సుమారుగా సరిపోతాయి. సందేహం వస్తే చిన్నదే తీసుకోండి. చిన్న గాలానికి పెద్ద చేప పడే వీలుంది. పెద్ద గాలం చిన్న చేప నోట పట్టనే పట్టదు. మొన పదును గోటి మీద పరీక్షించాలి. మెల్లగా జరిపినప్పుడు గోటిపై గీత పడితే పదునున్నట్లు. జారిపోతే అది పనికిరాదు.

4. దారం

1930ల దాకా గాలానికి పట్టు, నూలు, నార దారాలే గతి. 1935లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ నైలాన్‌ను తయారుచేశాక ఈ విద్య రూపమే మారిపోయింది. కొత్తవారికి 0.20 మిల్లీమీటర్ల నైలాన్ దారం చాలు. శీలావతి కోసమైతే 0.25 లేక 0.28 తీసుకోవచ్చు. దారం లావైతే చేప తెంపలేదు గదా అనుకుంటారు. నిజమే గాని, లావు దారం ఎరను బిగదీసి పట్టినట్లుంచుతుంది, ప్రవాహం తోపు ఎక్కువ తగులుతుంది, చేపకు అనుమానం వస్తుంది.

దారం తెగేది చాలావరకు ముడి దగ్గరే. గాలపు కన్నులోంచి దారం దూర్చి, అసలు దారం చుట్టూ అయిదు చుట్లు త్రిప్పి, కొసను కన్ను దగ్గరి సందులోంచి వెనక్కు తీయండి. బిగించేముందు ముడిని తడపాలి. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి దారం బలహీనమవుతుంది. ఎండలో పడివున్న పాత దారాన్ని నమ్మకండి. తెగిన ముక్కలను గట్టున పారెయ్యకుండా ఇంటికి తీసుకుపోండి. కొంగల కాళ్ళకూ నీటికాకుల రెక్కలకూ అవి ఉరితాళ్ళవుతాయి.

5. బెండు, సీసం

ఫిజిక్సు క్లాసులో చదివిన ఆర్కిమెడీస్ సూత్రం ఇక్కడ అక్కరకు వస్తుంది. బెండు అడ్డంగా తేలుతూ ఉంటే చేప కొరికినట్లు మనకు తెలియదు. దాని క్రింద దారానికి సీసం గుళ్ళు నొక్కి, బెండు నిలువుగా నిలిచి కొన మాత్రమే నీటిపైన కనబడేటట్లు చెయ్యాలి. అప్పుడు చేప కొద్దిగా లాగినా కొన మునుగుతుంది. ఈ తూకం ఏటి దగ్గర కాదు, ఇంట్లో బకెట్టు నీళ్ళలోనే సరిచూసుకోండి. ఆఖరి గుండు గాలానికి జానెడు పైన ఉండాలి.

బజారులో దొరికే బెండ్లు మంచివే. నెమలి ఈక కాడ గాని, పెళ్ళి బాసికాలకు వాడే జీలుగు బెండు గాని అంతే బాగా పనిచేస్తాయి. సీసం విషం కనుక గుళ్ళను పళ్ళతో కొరికి నొక్కవద్దు. హంసలు వాటిని మింగి చనిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లో చిన్న సీసం గుళ్ళ వాడకాన్ని నిషేధించారు.

లోతు కొలవడానికి ఒక ఉపాయం ఉన్నది. గాలానికి ఒక బరువు సీసం తగిలించి నీళ్ళలో వెయ్యండి. బెండు మునిగిపోతే దాన్ని పైకి జరపండి. అడ్డంగా పడిపోతే క్రిందికి జరపండి. కొన మాత్రమే కనబడినప్పుడు బెండుకూ గాలానికీ మధ్య ఉన్న దారమే అక్కడి లోతు.

6. ఇక కర్ర

ఇంతవరకు వచ్చాక కర్ర ఎంపిక తేలిక. పది పన్నెండు అడుగుల సన్నని వెదురు కర్ర, కణుపులు దగ్గరగా ఉన్నది, నీడలో ఆరబెట్టినది చాలు. మొదలు గట్టిగా, కొస వంగేదిగా ఉండాలి. దారం కర్ర పొడవున్నంతే ఉంచండి. రీలు ఇప్పుడే వద్దు. దూరం విసరడానికి అది కావాలి గాని, మీ చేపలు గట్టు ప్రక్కనే, గడ్డి మొదళ్ళలోనే ఉన్నాయి. ఒక కాలం గడిచి, వెదురు కర్రను తెంపుకుపోయే చేప తగిలిన నాడు రీలు సంగతి ఆలోచించవచ్చు.

7. ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

సామానుతో పాటు సమయమూ చోటూ ఎంచుకోవాలి. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా వరద గోదావరి జోలికి పోకండి. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. అక్కడ వదిలిన నీరు దిగువనున్న మన గట్టుకే వస్తుంది. 1986 ఆగస్టు వరదలో సుమారు 35 లక్షల క్యూసెక్కులు దిగువకు పారిన సంగతి పెద్దలను అడిగితే చెబుతారు. పైగా బొచ్చె, శీలావతి, ఎర్రమోసు గ్రుడ్లు పెట్టేది ఆ వానకాలంలోనే. ఇంగ్లండు నదుల్లో మోటు చేపలకు కూడా మార్చి 15 నుంచి జూన్ 15 వరకు చట్టప్రకారం సెలవు ఇస్తారు. ఆ మర్యాద మనం మన చేపలకు ఎందుకు ఇవ్వకూడదు?

నీరు తేరుకున్న కార్తీకం తరువాత వెళ్ళండి. అప్పుడైనా ఇసుక తవ్విన చోట్ల మోకాటి లోతు అనుకున్నది ఒక్క అడుగులో నిలువు లోతవుతుంది. జొన్నాడ వంతెన స్తంభాల మొదళ్ళలో నీరు సుడి తిరిగి ఇసుకను కోసేస్తుంది. చిక్కుకున్న గాలం కోసం నీళ్ళలోకి దిగకండి. దారం తెంపెయ్యండి. గాలం ఖరీదు ఒక కప్పు టీ పాటి కూడా ఉండదు. ఈత వచ్చినా ఒంటరిగా వెళ్ళవద్దు.

జెల్లకు వీపు మీద, రెండు ప్రక్కలా ముళ్ళుంటాయి. ఇంగిలాయి ముల్లు విషం, తేలు కుట్టినట్లే ఉంటుంది. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ఆ భాగాన్ని ఉంచి, తరువాత డాక్టరు వద్దకు వెళ్ళాలి. తడిగుడ్డతో పట్టుకొని గాలం తీస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

చివరగా ఒక మనవి. గోదావరి మీద వేలాది మత్స్యకార కుటుంబాలు బతుకుతున్నాయి. మనది సరదా, వారిది కూడు. వారి వలలు ఉన్నచోట గాలం వెయ్యకండి. చెరువు ఐతే దాన్ని పాడుకున్నవారి అనుమతి అడగండి. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి చట్టమే నేరమన్నది. అటువంటివారి స్నేహం వద్దు. చేతిలో ఇమిడిపోయే పిల్ల చేప పడితే తడిచేత్తో గాలం తీసి ఏటికే వదిలెయ్యండి.

ఏటిగట్టున కూర్చున్న తాతను ఎవరినైనా అడిగి చూడండి. ఈ వ్యాసంలో చెప్పనివి ఇంకో పది సంగతులు ఆయన చెబుతాడు. మిత్రులారా, వెదురు కర్ర కొట్టుకోండి, నాలుగు గాలాలు కొనుక్కోండి, ఓపికను వెంట తీసుకువెళ్ళండి. వచ్చే కార్తీకానికి మీ అందరి బెండ్లూ మునగాలని కోరుకుంటున్నాను.