బడి నుంచి వచ్చిన కబురు

హౌరా జనపనార మిల్లుల్లో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు తరలివెళ్లాయి. అక్కడ బడి నోటీసు బెంగాలీలో వచ్చిందనుకోండి. తెలుగు మాత్రమే చదవగల తల్లికి పిల్లవాడే చదివి చెప్పాలి. వాడు తేదీ మరిచిపోతే ఆమె సమావేశానికి వెళ్లలేదు.

ఇది చిన్న నష్టం కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి.

కాబట్టి ప్రకటనలో నాలుగు విషయాలు తప్పక ఉండాలి: ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు రావాలి.

అభ్యాసం: కమిటీ సమావేశానికి తల్లిదండ్రులను పిలుస్తూ మూడు వాక్యాల ప్రకటన తెలుగులో రాయండి. ఇంట్లో ఒకరికి ఒక్కసారి చదివి వినిపించండి. ఆ నాలుగు విషయాలూ వారు తిరిగి చెప్పగలిగారా?