కార్యాలయ లేఖలు - ఆచార్యుల పరిశోధన

భాషాసాహిత్య శాఖలో ఆచార్యులు కావ్యాలనో, నవలలనో పరిశోధించడం సహజం. ఒక ఇంజనీరు తన పై అధికారికి రాసిన లేఖను అంతే శ్రద్ధతో పరిశోధించే ఆచార్యులు కూడా ఉన్నారు. అమెరికా విశ్వవిద్యాలయాలలో ఈ అధ్యయనం వక్తృత్వ శాస్త్రం, వృత్తిపర భావప్రసారం అనే పేర్లతో స్థిరపడింది. వక్తృత్వ శాస్త్రం ప్రాచీనమైనదే. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ దానిపై గ్రంథం రచించాడు. సభలో, న్యాయస్థానంలో శ్రోతలను ఒప్పించడమెలా అన్నది నాటి ప్రశ్న. నేటి పరిశోధకులు అదే ప్రశ్నను నివేదికలకూ, లేఖలకూ, పట్టికలకూ వర్తింపజేస్తున్నారు.

భాష నిర్మలంగా ఉంటే చాలు, గాజుపలక గుండా చూసినట్లు దాని గుండా వాస్తవం కనిపిస్తుందని సాంకేతిక రచన నేర్పేవారు చాలాకాలం నమ్మారు. కెరొలిన్ మిల్లర్ 1979లో ఒక వ్యాసంలో ఈ నమ్మకాన్ని ఖండించారు.

ఆమె మాటలోని సత్యం 1986 జనవరి 28న తెలిసివచ్చింది. ఛాలెంజర్ వ్యోమనౌక బయలుదేరిన 73 సెకన్లకే విచ్ఛిన్నమై ఏడుగురు మరణించారు. రాకెట్టు అతుకులను మూసే రబ్బరు వలయాలు చలికి పటుత్వం కోల్పోయాయి. ఈ వలయాల వల్ల ప్రాణనష్టం జరగవచ్చునని రోజర్ బోయిస్జోలీ అనే ఇంజనీరు 1985 జులై 31నే తమ సంస్థ ఉపాధ్యక్షునికి లేఖ రాశారు. లేఖ చేరింది, ప్రయోగం ఆగలేదు. తరువాత అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన డొరొతీ విన్సర్ ఈ ఉదంతంలోని లేఖలను పరిశీలించి 1988లో వ్యాసం ప్రచురించారు. ఒకే సమాచారాన్ని ఇంజనీర్లు ఒక రీతిగా, అధికారులు మరొక రీతిగా గ్రహించారని ఆమె చూపారు. చెడువార్త పై మెట్టుకు చేరడం ఏ సంస్థలోనైనా కష్టమే కదా!

2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక కూలి, కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ప్రయోగ సమయంలో ఊడిన నురుగు ముక్క దాని రెక్కను తాకింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు నష్టాన్ని అంచనా వేసి, తెరపై చూపే స్లైడులు తయారుచేశారు. వాటిలో ఒకదానిని యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన ఎడ్వర్డ్ టఫ్టీ విశ్లేషించారు. విచారణ సంఘం తన నివేదికలో ఆ విశ్లేషణను చేర్చింది. పెద్ద అక్షరాల శీర్షిక చదివినవారికి భయం లేదనిపిస్తుంది. అసలు విషయం అట్టడుగున, చిన్న అక్షరాలలో ఉంది. అంతకుముందు పరీక్షించిన నురుగు ముక్క పరిమాణం 3 ఘనపు అంగుళాలు. రెక్కను తాకిన ముక్క అంచనా పరిమాణం 1920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు! ప్రమాదానికి ఆ స్లైడు ఒక్కటే కారణమనడం సాహసమే అవుతుంది. అయితే ఆ రెండు అంకెలు శీర్షికలో ఉండి ఉంటే, అధికారులు ముందుగా వాటినే చదివేవారు.