గ్రహశకలాలు: భయమెంత? వాస్తవమెంత?

2025 ఫిబ్రవరి మాసంలో ఒక వార్త ఫోను నుంచి ఫోనుకు పాకింది. 2032 డిసెంబరు 22న ఆకాశం నుంచి ఒక పెద్ద బండ వచ్చి భూమిని ఢీకొంటుందనీ, అది పడే దారిలో మన దేశం కూడా ఉందనీ దాని సారాంశం. ఇలాంటి వార్తలకు ప్రళయ సూచనలను జోడించి పంపేవారికి ఎప్పుడూ కొదవ లేదు. ఆ బండ నిజమే. తేదీ కూడా నిజమే. తూర్పు పసిఫిక్ నుంచి ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా దక్షిణాసియా వరకు ఒక సన్నని పట్టీని శాస్త్రజ్ఞులు గుర్తించిన మాటా నిజమే. అయితే ఆ పట్టీ ఎందుకు గీశారో, దానికి అర్థమేమిటో మాత్రం ఆ వార్తలో లేదు. విన్న మాటను నిర్ధారించుకోకుండా ఇతరులకు చేరవేయరాదని మన ధర్మం ఆదేశిస్తోంది. నిర్ధారించుకోవాలంటే విషయం మీద కొంతైనా అవగాహన ఉండాలి కదా! అందుకే ముందుగా గ్రహశకలాలంటే ఏమిటో, సౌర కుటుంబంలో వాటి స్థానమేమిటో తెలుసుకుందాం.

సూర్యుని చుట్టూ తిరిగే రాతి, లోహపు ముక్కలే గ్రహశకలాలు. పేరులో 'శకలం' ఉంది గనుక ఏదో ఒక గ్రహం పగిలి ఇవి ఏర్పడ్డాయని చాలామంది భావిస్తారు. ఒకప్పుడు ఖగోళ శాస్త్రజ్ఞులు కూడా అలాగే ఊహించారు. నేడు తెలిసినదాని ప్రకారం ఇది పగిలిపోయిన గ్రహం కాదు, అసలు పూర్తికాని గ్రహం. సుమారు 460 కోట్ల సంవత్సరాల క్రితం గ్రహాలు రూపుదిద్దుకుంటున్నప్పుడు, అంగారకుడికీ గురుగ్రహానికీ మధ్యనున్న పదార్థాన్ని గురుగ్రహపు ఆకర్షణ కుదురుగా ఉండనివ్వలేదు. మెల్లగా ఒకదానికొకటి అతుక్కోవలసిన ముక్కలు వేగంగా ఢీకొని పగిలాయి. చాలా భాగం అక్కడినుంచి చెదరిపోయింది. ఇప్పుడు ఆ వలయంలో మిగిలినదంతా పోగుచేసినా మన చంద్రుని బరువులో 3 శాతానికి మించదు. అందులోనూ మూడో వంతు ఒక్క సీరిస్‌దే.

సినిమాల్లో ఈ వలయాన్ని రాళ్ళు కిక్కిరిసిన సందులా చూపిస్తారు. అది కేవలం కల్పన. అక్కడ ఒక చెప్పుకోదగ్గ శకలానికీ మరోదానికీ మధ్య లక్షల కిలోమీటర్ల ఖాళీ ఉంటుంది. 1972లో బయలుదేరిన పయనీర్ 10 మొదలు ఎన్నో వ్యోమనౌకలు ఆ ప్రాంతాన్ని క్షేమంగా దాటి వెళ్ళాయి.

సీరిస్ గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1801 జనవరి 1 రాత్రి, సిసిలీ ద్వీపంలోని పాలెర్మో నగరంలో జుసెప్పె పియాజీ అనే క్రైస్తవ మతగురువు నక్షత్రాల పట్టిక తయారుచేస్తూ, చోటు మారుతున్న ఒక చిన్న చుక్కను గమనించాడు. ఫిబ్రవరి 11 వరకు దాన్ని వెంబడించాడు. ఆ తరువాత అది సూర్యకాంతిలో కనుమరుగైంది. చేతిలో ఉన్నవి ఆరు వారాల కొలతలు మాత్రమే. మళ్ళీ ఎక్కడ కనిపిస్తుందో చెప్పడం ఎవరివల్లా కాలేదు. అప్పటికి 24 ఏళ్ళ యువకుడైన జర్మన్ గణితవేత్త గౌస్ ఆ కొద్దిపాటి కొలతలతోనే దాని కక్ష్యను లెక్కకట్టాడు. ఆ ఏడాది ముగిసేలోగా అతను సూచించిన చోటికి దగ్గర్లోనే సీరిస్ మళ్ళీ దొరికింది. దాదాపు 940 కిలోమీటర్ల వ్యాసం గల దీన్ని 2006 నుంచి మరుగుజ్జు గ్రహంగా కూడా లెక్కిస్తున్నారు.

నేడు 14 లక్షలకు పైగా గ్రహశకలాలు నమోదై ఉన్నాయి. చాలావాటికి సంఖ్యలే ఉన్నా, కొన్నిటికి పేర్లు కూడా పెట్టారు. 2755వ దానికి ఇబ్నె సీనా పేరు, 9936వ దానికి మన దేశాన్ని గురించి గ్రంథం రాసిన అల్‌బెరూనీ పేరు, 59239వ దానికి కాంతిశాస్త్రంలో ప్రసిద్ధుడైన ఇబ్నుల్ హైసమ్ పేరు ఉన్నాయని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

వలయంలో ఉన్నవి వలయంలోనే ఉంటే మనకు దిగులే లేదు. కాని అన్నీ అక్కడే ఉండవు. గురుగ్రహం ఒకసారి సూర్యుని చుట్టివచ్చేలోగా సరిగ్గా మూడుసార్లు చుట్టివచ్చే దూరంలో ఏదైనా శకలం ఉంటే, గురుగ్రహం దాన్ని అదే లయలో మళ్ళీ మళ్ళీ లాగుతుంది. ఉయ్యాలను సమయానికి తోస్తూ పోతే ఊపు పెరిగినట్లే, ఆ శకలం కక్ష్య కూడా సాగిపోయి ఒకనాటికి భూమి దారిలోకి రావచ్చు. ఇలాంటి దూరాల్లో వలయం దాదాపు ఖాళీగా ఉందని అమెరికా శాస్త్రజ్ఞుడు డేనియల్ కిర్క్‌వుడ్ 19వ శతాబ్దంలోనే గుర్తించాడు. ఈ విధంగానూ, మరికొన్ని కారణాలవల్లా భూమికి చేరువగా తిరిగేవి దాదాపు 40 వేల వరకు ఇప్పటికి తెలిశాయి. వాటిలో కిలోమీటరుకు మించినవి సుమారు 900. ఈ పెద్దవాటిలో ఏదీ రానున్న 100 ఏళ్ళలో భూమిని ఢీకొనే దారిలో లేదు.

చిన్నవాటి సంగతి వేరు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల బండ గాలిలోనే పేలింది. దాదాపు 1500 మంది గాయపడ్డారు. ఎక్కువమందికి తగిలినవి పగిలిన కిటికీ అద్దాలే. వెలుగు చూసి కిటికీ దగ్గరికి పరుగెత్తినవారికి, కొంతసేపటికి ఆ పేలుడు తాకిడి చేరింది! పొరుగునున్న మహారాష్ట్రలో, బుల్ఢాణా జిల్లాలోని లోణార్ సరస్సు కూడా పూర్వమెప్పుడో ఇలాంటి బండ పడి ఏర్పడినదే. ఆ గొయ్యి వెడల్పు సుమారు 1.8 కిలోమీటర్లు. కాబట్టి ప్రమాదమే లేదనడం సరికాదు.

ఇక ఆ వార్త విషయానికి వద్దాం. ఆ బండ పేరు 2024 వైఆర్4. దాన్ని 2024 డిసెంబరు 27న చిలీ దేశంలోని దూరదర్శిని కనిపెట్టింది. పరిమాణం సుమారు 60 మీటర్లు. ఢీకొనే అవకాశం మొదట 1 శాతమన్నారు. 2025 ఫిబ్రవరి 18 నాటికి అది 3.1 శాతానికి పెరిగింది. భయం వ్యాపించింది అప్పుడే. కాని కొద్ది రోజుల్లోనే అది సున్నాకు దగ్గరగా పడిపోయింది. శాస్త్రజ్ఞులు మాట మార్చారని ఎగతాళి చేసినవారూ ఉన్నారు. నిజానికి ఇక్కడ మాట మారలేదు, కొలత మెరుగుపడింది.

తుపాను హెచ్చరికలు వినే కోస్తావాసులకు ఇది సులభంగానే బోధపడుతుంది. తుపాను దూరంగా ఉన్నప్పుడు నెల్లూరు నుంచి గోపాల్‌పూర్ వరకు ఎక్కడైనా తీరం దాటవచ్చంటారు. మరునాడు బాపట్ల, కాకినాడల మధ్య అంటారు. అప్పుడు మచిలీపట్నానికి ప్రమాదం పెరిగినట్లు కనిపిస్తుంది. తుపాను అటు తిరిగిందని కాదు, హద్దులు దగ్గరపడ్డాయి, మచిలీపట్నం ఇంకా వాటి లోపలే ఉంది. మూడోనాడు కాకినాడ దగ్గరేనని తేలితే మచిలీపట్నం ఊపిరి పీల్చుకుంటుంది. వైఆర్4 విషయంలోనూ కొలతలు పెరిగేకొద్దీ హద్దులు దగ్గరపడ్డాయి, చివరికి భూమి వాటి బయట పడింది. ప్రపంచపటం మీద గీసిన ఆ పట్టీ కూడా "పడితే ఎక్కడ" అన్నదానికి సమాధానమే తప్ప "పడుతుంది" అన్నదానికి కాదు.

నిజంగానే ఏదైనా మన దారిలోకి వస్తే? 2022 సెప్టెంబరు 26న అమెరికా పంపిన డార్ట్ అనే వ్యోమనౌక, సుమారు 160 మీటర్ల డైమార్ఫస్‌ను కావాలనే ఢీకొట్టింది. డైమార్ఫస్ మరో పెద్ద శకలం చుట్టూ తిరుగుతుంది. ఆ దెబ్బకు 11 గంటల 55 నిమిషాల దాని ప్రదక్షిణ అరగంటకు పైగా తగ్గింది. ఏళ్ళ ముందే కనిపెడితే దారి మళ్ళించడం సాధ్యమని దీనివల్ల తెలిసింది.

2029 ఏప్రిల్ 13, శుక్రవారం నాడు అపోఫిస్ అనే మరో గ్రహశకలం భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తున దాటిపోతుంది. టీవీ ప్రసారాలకు వాడే ఉపగ్రహాలు దీనికంటే ఎత్తులో ఉన్నాయి. 2004లో దీనిమీద కూడా 2.7 శాతం దాకా అనుమానం పెరిగి, తరువాత తొలగిపోయింది. కనీసం 100 ఏళ్ళ వరకు దీనివల్ల ముప్పు లేదని 2021లో తేల్చారు. ఆ రాత్రి ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాలవారికి అది ఏ పరికరమూ లేకుండానే, మెల్లగా కదిలే చుక్కలా కనిపిస్తుంది.