కోనసీమలో కొండలెక్కడివి?

మీ ఇంట్లో రెండో తరగతో మూడో తరగతో చదివే బిడ్డ ఉంటే, ఓ కాగితం ఇచ్చి ‘సీనరీ వెయ్యమ్మా’ అనండి. ముందు రెండు కొండలు వస్తాయి. వాటి మధ్య సగం సూర్యుడు, చుట్టూ గీతలుగా కిరణాలు. కొండల్లోంచి దిగే ఏరు, ఏటి పక్కన ఇల్లు, ఇంటి పక్కన ఓ చెట్టు, పైన నాలుగు పిట్టలు. శ్రీకాకుళంలో అడిగినా ఇదే, అనంతపురంలో అడిగినా ఇదే. అమలాపురంలో అడిగినా ఇదే.

అమలాపురం చుట్టుపక్కల కొండ లేదు. కోనసీమ అంతా గోదావరి ఒండ్రు తెచ్చి పరిచిన నేల. ఇక్కడ సూర్యుడు కొబ్బరితోటల వెనక నుంచి లేస్తాడు. సముద్రం దగ్గరి ఊళ్లలో అయితే నీళ్లలోంచి లేస్తాడు. కొండని ఎన్నడూ చూడని పిల్లాడు కొండ వేస్తున్నాడు. కిటికీ బయట ఉన్న కాలువని, గట్టు మీద ఆరబోసిన ధాన్యాన్ని, రేవులో అవతలి ఒడ్డుకి బయల్దేరిన పంటుని వెయ్యడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడే చిన్న తరగతులకు చదువు చెప్పాను. ఆ రెండు కొండల కింద ఎన్ని వందల సార్లు ‘గుడ్’ అని రాశానో. చాలా ఏళ్ల దాకా నాకు అనుమానమే రాలేదు.

ఆ కొండలు పిల్లాడికి ఎక్కడ దొరికాయి? అన్నయ్య పుస్తకంలో దొరికాయి, నల్లబల్ల మీద దొరికాయి. ‘నాకు రావట్లేదు, నువ్వెయ్యమ్మా’ అని వచ్చినప్పుడు మనమే వేసిచ్చాం. మన చిన్నప్పుడు మనకి ఎవరో వేసిచ్చినవే అవి.

‘ఆయ్, మావోడు ఆర్టిస్టు అవ్వక్కర్లేదండి మాస్టారూ, లెక్కలు కాస్త గట్టిగా చెప్పండి, చాలు’ అనేవారు తల్లిదండ్రులు. బొమ్మలు వేస్తే లెక్కలు కూడా వస్తాయని చెప్పి ఒప్పించవచ్చు. అందులో నిజం ఉంది. ధనుర్మాసంలో మీ అమ్మాయి వాకిట్లో పెట్టే చుక్కల ముగ్గు చూడండి. 15 చుక్కలు సందుచుక్కగా పెడితే వరసకి ఒకటి తగ్గుతూ 8 దగ్గర ఆగుతుంది. సరిచుక్కగా పెడితే వరసకి రెండు తగ్గుతూ ఒకటి దాకా వస్తుంది. ఈ సంగతి ఎవరూ పాఠంగా చెప్పకుండానే పిల్ల వేళ్లకు తెలుసు. ముగ్గు దగ్గరికి మగపిల్లల్నీ రానివ్వండి, వాళ్లకీ ఇది కావాలి.

అయితే లెక్కల కోసమే బొమ్మలు అంటే నా మనసు ఒప్పుకోదు. లెక్కలు కావాలంటే లెక్కలే చెప్పుకోవచ్చు కదా. బడిలో పిల్లని అడిగే ప్రతి ప్రశ్నకీ జవాబు ముందే ఎక్కడో రాసి ఉంటుంది. పాఠం వెనకో, గైడులోనో, టీచరుగారి దగ్గరో. పిల్ల పని దాన్ని కనుక్కుని అప్పజెప్పడం. ఐదేళ్ల వయసు నుంచి రోజుకి ఆరేడు గంటలు ఆ పనే చేస్తే, తన కళ్లతో చూసింది జవాబుగా పనికిరాదని బిడ్డ నమ్ముతుంది. మీ పెరట్లో కొబ్బరిచెట్టు ఏ పక్కకి వంగిందో ఏ గైడులోనూ ఉండదు. అది వెయ్యాలంటే పిల్ల లేచి వెళ్లి చూడాల్సిందే. వారానికి రెండు పీరియడ్లు బొమ్మలకు ఇవ్వమని నేను అడిగేది ఆ లేచి వెళ్లడం కోసమే.

నాకు ఈ బుద్ధి వచ్చింది 1996లో. ఆ ఏడాది నవంబరు 6న తుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. ఎందరో పోయారు, తోటలకు తోటలు నేలకూలాయి. కొన్నాళ్లకి బడి తెరిచాం కానీ పాఠం చెప్పే స్థితిలో మేం లేం, వినే స్థితిలో వాళ్లు లేరు. ఏం చెయ్యాలో తోచక, మిగిలిన తెల్లకాగితాలు చింపి పంచిపెట్టాను. ఏం వెయ్యాలో చెప్పలేదు. గంటసేపు తరగతిలో చప్పుడు లేదు. మొవ్వు విరిగి మొండిగా నిలబడ్డ చెట్లు వేశారు. ఇంటి కప్పు కింద ఉండాల్సిన మనుషులు నీళ్లలో ఉన్నట్టు వేశారు. ఒక పాప దూడని మాత్రమే వేసింది, కాగితం పట్టనంత పెద్దది. రెండు కొండలు ఆ రోజు ఎవ్వరూ వెయ్యలేదు. ఆ పాప తుపాను తర్వాత ఎవరితోనూ మాట్లాడని పిల్ల. కాగితం నా చేతికిచ్చి, ‘కట్టు విప్పలేదండి’ అంది. అంతకు మించి నేనూ అడగలేదు.

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు దగ్గర దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. పుష్కరాల రేవుకి ఎన్నిసార్లో వెళ్లి ఉంటారు, ఈసారి పిల్లల్ని అక్కడికి కూడా తీసుకెళ్లండి. దామెర్ల రామారావు 1897లో ఆ ఊళ్లోనే పుట్టారు. చిన్నప్పటి నుంచీ బొమ్మలే లోకం. ఆ రోజుల్లో ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలు. తాను కూడా నీటిరంగుల్లో బొమ్మలు వేసే మనిషి. రామారావు ఆయన కంట పడ్డారు. అడివి బాపిరాజు కూడా ఆ గురువు నీడలో పెరిగినవారే. కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి, చదువు ముగించుకుని మళ్లీ సొంత ఊరే వచ్చి చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. ఆ బడిని మిత్రుడు వరదా వెంకటరత్నం నిలబెట్టారు.

రామారావు కూడా కొండలు వేశారు. తూర్పు కనుమల మధ్య గోదావరి పారే చోట, ఉన్న కొండలని ఉన్నచోట వేశారు. ఆ బొమ్మల ముందు మీ పిల్లల్ని కాసేపు నిలబెట్టండి. ‘ఎంత బావుందో చూడు’ అనకండి. ‘ఇది పొద్దున్నా, సాయంత్రమా?’ అని మాత్రం అడగండి.

ఆయన పుట్టిన 1897లోనే, ఎక్కడో వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ అనే ఉపాధ్యాయుడు పిల్లల కోసం బొమ్మల తరగతి తెరిచారు. పెద్దల బొమ్మల్ని నకలు దింపడమే చిత్రలేఖనం అనుకునే కాలంలో, మీ బొమ్మ మీరు వెయ్యండి అని వదిలేశారు. పిల్లల బొమ్మకి దానిదైన నడక ఉందని లోకం గుర్తించడం అలా మొదలైంది. తర్వాత విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో అచ్చయిన తన పుస్తకంలో ఆ నడకని వయసుల వారీగా వివరించారు. పెద్ద చదువుల మాటలు పక్కన పెట్టి, మీ ఇంట్లో కనబడే తీరులో చెబుతాను.

నాలుగైదేళ్ల పిల్ల మనిషిని వేస్తే పెద్ద తలకాయ, దానికే కాళ్లు. పొట్ట మరిచిపోయిందని దిద్దకండి, అది ఆ వయసు బొమ్మ. ఆరేడేళ్లకి అమ్మ ఇంటికన్నా పెద్దగా ఉంటుంది. ఎవరు ముఖ్యమో వాళ్లు పెద్ద. ఇంటి గోడలోంచి లోపల మంచం మీద నాయనమ్మ కనబడుతుంది, చెరువు నీళ్లలోంచి చేపలు కనబడతాయి. కంటికి కనబడేది కాదు, తనకి తెలిసిందంతా వేస్తోంది. ఎనిమిదేళ్లకి కాగితం అడుగున ఓ గీత, దాని మీద అన్నీ బారుగా నిలబడతాయి. తొమ్మిది పది దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి. తన బొమ్మ నిజంలా లేదని బిడ్డకే తెలుస్తుంది. ‘నాకు రాదు’ అని పెన్సిలు పక్కన పెట్టేస్తుంది. మనలో చాలామంది పెన్సిలు వదిలేసింది ఆ ఏడాదే. అప్పుడు నవ్వకండి, పక్కింటి పిల్లతో పోల్చకండి. పక్కన కూర్చుని ఆ చెట్టు వైపు మీరూ చూడండి, చాలు.

మరి బడి సంగతి? 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో కళలకు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టరు ఉండాలని రాశారు. అయితే అది ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ పిల్లలు 100కి మించితే. ఒకటి నుంచి ఐదు దాకా అలాంటి మాట లేదు. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు చెప్పే టీచరే బొమ్మలూ చెప్పాలి. 60 మంది లోపు పిల్లలున్న చిన్న బడికి చట్టం అడిగేది ఇద్దరు టీచర్లని. వాళ్ల మీద పడే బరువు నాకు తెలుసు, నేను మోసినవాణ్ణే. పరీక్షలు దగ్గరపడితే మొదట ఎగిరిపోయేది డ్రాయింగు పీరియడే. ప్రైవేటు బడుల్లో టైంటేబుల్లో ఉంటుంది, గోడ మీద రంగురంగుల చార్టులూ ఉంటాయి. వాటిలో మీ పిల్ల చెయ్యి పడ్డది ఏదో ఒకసారి అడిగి చూడండి.

తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కులు అడగండి, తప్పు లేదు. దాంతోపాటు ‘బొమ్మల పీరియడు ఏ రోజండీ?’ అని కూడా అడగండి. గొడవకి కాదు, నెమ్మదిగానే. నలుగురు అడిగితే ఆ పీరియడు నిలుస్తుంది. తల్లిదండ్రులు ఆ మాట ఎత్తిన ఏడాది నాకే ధైర్యం వచ్చేది, పిల్లల్ని కాలువ గట్టుకి తీసుకెళ్లడానికి.

ఇంట్లో ఖర్చు పెట్టక్కర్లేదు. పాత క్యాలెండరు వెనక వైపు, ఓ బొగ్గుముక్క, సుద్దముక్క. పసుపులో సున్నం కలిపితే ఎరుపు ఎలా వస్తుందో మీ అమ్మగారిని అడిగి చూపించండి, పారాణి కలిపిన చేతులు కదా అవి. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మెత్తటి బంకమట్టి దొరుకుతుంది. మీరూ వెంట వెళ్లి తెచ్చివ్వండి. అచ్చులో ఉన్న గీతల మధ్య రంగులు నింపే పుస్తకాలు మాత్రం కొనకండి. అందులో పిల్ల చూసేది ఏమీ లేదు, గీత దాటకుండా ఉండడం తప్ప. బడి ప్రాజెక్టు మీరు చేసివ్వకండి. రాత్రి పదింటికి మీరు అంటించిన చార్టు పొద్దున్న మోసుకెళుతూ, తన చేతులు చాలవని బిడ్డ నేర్చుకుంటుంది.

బొమ్మ తెచ్చి చూపిస్తే ‘సూపర్’ అనేసి ఫోనులోకి వెళ్లిపోకండి. ‘ఇదేంటి?’ అని కూడా వద్దు, అందులో అది ఏమీ కాదన్న మాట వినబడుతుంది. ‘దీని కథ చెప్పు’ అనండి. చెబుతుంటే ఆపకండి.

రిటైరయ్యే ముందు ఏడాది, ‘మీ ఇంటి గుమ్మంలోంచి సాయంత్రం ఏం కనబడుతుందో వేసుకురండి’ అన్నాను మూడో తరగతి పిల్లలతో. ఓ బాబు కాగితం తెచ్చాడు. మధ్యలో అడ్డంగా ఒక గీత, ఆ చివర నుంచి ఈ చివరకి. ఇంకేం లేదు. వెనకటి నేనైతే ‘పూర్తి చేసి తీసుకురా’ అని పంపించేసేవాణ్ణి.

‘దీని కథేంటి బాబూ?’ అన్నాను.

‘ఏటిగట్టండి.’

‘గట్టు మీద?’

‘మా నాన్న సైకిలు మీద వస్తున్నాడండి. ఇంకా కనబడలేదు.’