జనం కూడా బ్యాండే: పాత సోల్, బ్లూస్ లైవ్ పాటలు వినడం ఎలా?

లైవ్ రికార్డింగ్ అంటే స్టూడియో పాటకి ఈలలు, చప్పట్లు కలిపితే వచ్చేదే అని చాలామంది అనుకుంటారు. 1960ల నాటి ఆఫ్రికన్ అమెరికన్ సోల్, బ్లూస్ ఆల్బమ్‌లు వింటే ఆ అభిప్రాయం మారిపోతుంది. వాటిలో హాలు నిండా ఉన్న జనం కూడా బ్యాండ్‌లో సభ్యులే. అదెలాగో మూడు రికార్డింగ్‌లతో చూద్దాం.

1. ముందు కాస్త లెక్క

బ్లూస్‌లో బాగా వాడుకలో ఉన్న చట్రం పన్నెండు బార్లది. బార్‌కి నాలుగు బీట్లు, మొత్తం 48. ఇందులో మూడు పాదాలు, పాదానికి నాలుగు బార్లు. సాధారణంగా మొదటి పాదాన్నే మళ్లీ పాడి, మూడో దానిలో విషయం తేల్చేస్తారు. గాయకుడి మాటలు సుమారు రెండు బార్లలోనే అయిపోతాయి. మిగిలిన ఖాళీ జవాబు కోసం! పొలాల్లో పాడుకున్న పనిపాటల్లోనూ, చర్చి పాటల్లోనూ ఉన్న పద్ధతే ఇది. మన దగ్గర నాట్లు వేసేటప్పుడు ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు కదా, అలాగన్నమాట.

2. గిటార్ ఇచ్చే జవాబు

'లైవ్ ఎట్ ద రీగల్' 1964 నవంబర్ 21న షికాగోలోని రీగల్ థియేటర్‌లో బి.బి. కింగ్ చేసిన కచేరీ. ఆయన పాడుతూ వాయించడు. పాదం ఆగగానే ఆయన గిటార్ 'లూసిల్' అందుకుంటుంది. 'హౌ బ్లూ కెన్ యూ గెట్'లో ఆయన గొంతు పెంచేకొద్దీ జనం కేకలు ఎలా పెరుగుతాయో గమనించండి.

3. జనం ఇచ్చే జవాబు

1962 అక్టోబర్ 24న న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో జేమ్స్ బ్రౌన్ కచేరీ రికార్డయింది. కొత్త పాటల్లేని లైవ్ ఆల్బమ్ ఎవరు కొంటారని కంపెనీ యజమాని సిడ్ నేథన్ డబ్బు పెట్టనన్నాడు. బ్రౌన్ సొంత డబ్బు పెట్టుకున్నాడు. 1963లో విడుదలైన ఆ ఆల్బమ్ బిల్‌బోర్డ్ పాప్ పట్టికలో 2వ స్థానం దాకా వెళ్లింది. అందులో 'లాస్ట్ సమ్‌వన్' పది నిమిషాలు దాటుతుంది. బ్యాండ్ అదే వరస మళ్లీ మళ్లీ వాయిస్తుంటే, ఆయన గొంతు తగ్గించి జనాన్ని కదుపుతాడు. వాళ్ల అరుపు వచ్చాకే పాట ముందుకి నడుస్తుంది.

4. ఇరవై రెండేళ్లు బయటికి రాని పాట

శామ్ కుక్ చర్చి పాటల నుంచి వచ్చి పాప్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1963 జనవరి 12న మయామీలోని హార్లెమ్ స్క్వేర్ క్లబ్‌లో ఆయన పాడిన కచేరీని ఆర్‌సీఏ రికార్డు చేసింది. బొంగురు గొంతు, జనం గోల, చెమట పట్టించే ఊపు. అది మరీ మోటుగా ఉందని, ఆయన సాఫ్ట్ ఇమేజ్ చెడుతుందని కంపెనీ పక్కన పెట్టేసింది. 1964 డిసెంబర్‌లో, 33 ఏళ్లకే, కుక్ చనిపోయాడు. ఆల్బమ్ వచ్చింది 1985లో! కంపెనీ లోపమనుకున్న ఆ మోటుదనం కోసమే ఇవాళ దాన్ని వెతుక్కుని మరీ వింటున్నాం.

మీకో చిన్న అభ్యాసం

1964లో న్యూయార్క్ కోపకబానా నైట్‌క్లబ్‌లో కుక్ పాడిన ఆల్బమ్ కూడా ఉంది. 'ట్విస్టిన్ ద నైట్ అవే' రెండింట్లోనూ ఉంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వెంటవెంటనే వినండి. మొదటిసారి గాయకుణ్ణి వినండి, రెండోసారి జనాన్ని మాత్రమే వినండి. ఏ హాల్లో ఆయనకి జవాబు గట్టిగా వచ్చిందో, దానికి ఆయన గొంతు ఎలా మారిందో మీకే తెలిసిపోతుంది.